నడుము పక్కకు ఒరిగినప్పుడు: పార్కిన్సన్స్‌లో వెన్ను, భంగిమ తేడాలు (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పార్కిన్సన్స్ అంటే వణుకు, బిగుసుకుపోవడం, కదలికల మందగింపు తెచ్చే మెదడు జబ్బు. అది ఉన్న మనిషి కుర్చీలో ఒక పక్కకు ఒరిగిపోతుంటే ఇంట్లోవాళ్ళ నోట వచ్చే మొదటి మాట, “కాస్త సరిగ్గా కూర్చోండి.” ఆయన సర్దుకుంటారు. టీవీలో వార్తలు అయిపోయేలోపే మళ్ళీ అదే పక్కకు జారతారు. మళ్ళీ చెప్తారు, మళ్ళీ సర్దుకుంటారు. కొన్నాళ్ళకు చెప్పేవాళ్ళకు విసుగు, వినేవాళ్ళకు చిన్నతనం. అందుకే ముందుగా ఈ విషయం మనసులో పెట్టుకోండి. చాలామందికి తాము ఒరిగి ఉన్నామన్న సంగతే తెలియదు. ఆ క్షణంలో వాళ్ళ మెదడు లెక్కలో వాళ్ళు నిటారుగానే ఉన్నారు. మనం చెయ్యి పట్టి నిజంగా నిటారుగా నిలబెడితే, “అటువైపు పడిపోతున్నాను” అంటారు. బద్ధకమూ కాదు, అశ్రద్ధా కాదు. నిలువు ఏదో చెప్పే లోపలి కొలతే పక్కకు జరిగింది.

కాబట్టి “సరిగ్గా కూర్చో” అనడం వల్ల ఒరుగుడు పోదు. పోగొట్టే దారులు వేరే ఉన్నాయి. అవి పనిచేసేది మొదటి నెలల్లో. ఏళ్ళు గడిచి వెన్ను అలాగే బిగిసిపోయాక చేయగలిగింది చాలా తగ్గిపోతుంది. ఈ గంటసేపూ నేను చెప్పబోయేదంతా ఆ మొదటి నెలల గురించే.

ముందు పేర్లు చూద్దాం, ఎందుకంటే మందుల చీటీల మీద, రిపోర్టుల మీద ఈ పేర్లే కనిపిస్తాయి. జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ జబ్బును వర్ణించినప్పుడే ఒళ్ళు ముందుకు వంగడాన్ని గుర్తించి రాశాడు. భుజాలు కాస్త ముందుకు రావడం, మోకాళ్ళు కొంచెం మడతపడటం చాలామందిలో ఉండేదే. అది మితిమీరి నడుము దగ్గరో, వీపు మధ్యలోనో మనిషి బాగా ముందుకు విరిగినట్టు వంగిపోతే దాన్ని కాంప్టోకార్మియా అంటారు. గడ్డం ఛాతీకి ఆనేంతగా మెడ వాలిపోతే ఆంటికోలిస్. పక్కకు ఒరిగితే పిసా సిండ్రోమ్. వెన్నుపూసలు పక్కకు వంగడమే కాక మెలితిరిగి కూడా ఉంటే స్కోలియోసిస్.

పిసా పేరు ఇటలీలోని ఒరిగిన గోపురం నుంచి వచ్చింది. 1972లో ఎక్‌బోమ్ అనే స్వీడన్ వైద్యుడు, ఆయన సహచరులు మొదటిసారి దీన్ని రాశారు. అప్పుడు వాళ్ళు చూసింది పార్కిన్సన్స్ పేషెంట్లను కాదు, మానసిక లక్షణాలకు మందులు వాడుతున్న ముగ్గురు మతిమరుపు జబ్బు ఆడవాళ్ళను. అంటే ఈ ఒరుగుడు వైద్యపుస్తకాల్లోకి వచ్చిందే మందు వల్ల కలిగిన ఇబ్బందిగా. మందుల దగ్గరికి వచ్చినప్పుడు ఈ మాట మళ్ళీ గుర్తు చేస్తాను. ఇంకో పోలిక చెప్తాను. మరమ్మతుల తర్వాత ఆ గోపురం వాలు దాదాపు 4 డిగ్రీలు. మనం పిసా సిండ్రోమ్ అనే మాట వాడేది ఒరుగుడు 10 డిగ్రీలకు చేరాక. అంటే ఆ గోపురానికి రెండింతలకు మించి ఒరిగిన మనిషి గురించి మాట్లాడుతున్నాం. 5 నుంచి 10 లోపు ఉంటే అది తొలిదశ ఒరుగుడు. పట్టుకోవలసింది అక్కడే.

ముందుకు వంగడానికీ కొలతలున్నాయి. వంపు వీపు మధ్యలో మొదలైతే 45 డిగ్రీలు దాటాలి, కింద నడుము దగ్గరో తుంటి దగ్గరో మొదలైతే 30 దాటాలి, అప్పుడే కాంప్టోకార్మియా అంటాం. ఒకే మనిషిలో ముందు వంపు, పక్క ఒరుగుడు రెండూ ఉండటం అరుదేమీ కాదు.

ఇది ఎంతమందికి వస్తుంది? ఇటలీలో అనేక కేంద్రాలు కలిసి 1,631 మంది పార్కిన్సన్స్ పేషెంట్లను పరీక్షించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో 143 మందికి పిసా సిండ్రోమ్ కనిపించింది. నూటికి సుమారు 9 మంది. జబ్బు ముదిరినవాళ్ళలో, లెవోడోపాతోపాటు (కదలికలకు కావలసిన డోపమీన్ అనే మెదడు రసాయనంగా మారే మందు) డోపమీన్ అగోనిస్టులు (డోపమీన్‌లా పనిచేసే మందులు) కలిపి వాడేవాళ్ళలో, ఎముకలు గుల్లబారడం, కీళ్ళ అరుగుదల ఉన్నవాళ్ళలో ఎక్కువ. తిన్నగా నడుద్దామనుకున్నా ఒక పక్కకు లాగినట్టు నడక జరిగిపోవడం కూడా వాళ్ళలో ఎక్కువగా కనిపించింది. వసారాలో నడుస్తూ ఎప్పుడూ ఒకే గోడకు భుజం రాసుకునే మనిషిని చూస్తే ఈ సంగతి తట్టాలి.

ఇంట్లో ఎలా గుర్తుపట్టాలి? ముఖం వైపు నుంచి కాదు, వెనక నుంచి చూడండి. చొక్కా తీసేసి ఉంటే ఇంకా మంచిది. చేతులు రెండూ వదులుగా వేలాడేసి నిలబడమనండి. చేతికీ నడుముకీ మధ్య రెండు పక్కలా ఖాళీ కనిపిస్తుంది కదా, ఆ ఖాళీ ఒక పక్క మూసుకుపోయి, ఇంకో పక్క కిటికీలా తెరుచుకుని ఉంటుంది. ఒరిగిన పక్క పక్కటెముకల కింద చర్మం మడతపడుతుంది. ఆ మడతలో చెమట పట్టి, ఒరుసుకుని, ఎర్రబడి ఉండటం చూస్తాం. ఆ వైపు చెయ్యి వేళ్ళు తొడమీద కిందికి దిగి ఉంటాయి, రెండో చెయ్యి పైకి. ఒక చెప్పు మడమ త్వరగా అరుగుతుంది. కుర్చీ చేతి మీద ఒక పక్క రంగు పోతుంది. ఎప్పుడూ అదే మోచేతిని ఆన్చడం వల్ల చిటికెన వేలు తిమ్మిరెక్కుతోందంటే, మోచేయి దగ్గర నరం నలుగుతోందని అర్థం. ఇవన్నీ నెలల తరబడి కళ్ళ ముందే ఉంటాయి, రోజూ చూసేవాళ్ళకు కనపడవు. ఏడాది తర్వాత వచ్చిన చుట్టం గుమ్మంలోనే పట్టేస్తాడు.

అందుకే ఫోటో తీయాలి. ఎలా తీయాలో వివరంగా చెప్తాను, తప్పుగా తీసిన ఫోటో మనల్నే మోసం చేస్తుంది. తలుపు చట్రం లాంటి నిలువు గీత ఒకటి ఫోటోలో పడేలా మనిషిని నిలబెట్టండి. పాదాలు రెండూ ఒకే దూరంలో, చెప్పులు లేకుండా. ఫోన్‌ను మీ కంటి ఎత్తులో కాదు, ఆయన నడుము ఎత్తులో పట్టుకోండి, రెండు మూడు మీటర్ల దూరం నుంచి, వంకర లేకుండా. నిలబడగానే తీయకండి. ఫోటో అనగానే ఎవరైనా సర్దుకుంటారు. ఒక నిమిషం ఏదైనా మాట్లాడించండి, ఆ తర్వాత తీయండి. వెనక నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. వీలైతే పది నిమిషాలు నడిపించి మళ్ళీ ఒకటి. నడిచేకొద్దీ ఒరుగుడు పెరగడం ఈ సమస్యలో ఒక గుర్తు.

ఇక కోణం. మెడ కింద, తల వంచినప్పుడు చేతికి తగిలే పెద్ద ఎముక బుడిపె ఉంటుంది. అది ఏడో మెడపూస. నడుము అడుగున ఐదో నడుముపూస. ఈ రెండింటినీ కలుపుతూ ఒక గీత, కింది చుక్క నుంచి పైకి నిలువుగా ఇంకో గీత. తాపీమేస్త్రి గోడ నిటారుగా ఉందో లేదో గుండు వేలాడదీసి చూస్తాడే, ఆ దారం మన రెండో గీత. ఈ రెండు గీతల మధ్య కోణమే మన కొలత. ఫిజియోథెరపిస్టులు ఆ రెండు చోట్లా చిన్న స్టిక్కర్లు అంటించి తీస్తారు, మీరూ అలా చేయొచ్చు. ఈసారీ వచ్చేసారీ కొలిచే పద్ధతి ఒకటే అయి ఉండటం ముఖ్యం. కోణం ఒక డిగ్రీ అటూ ఇటూ అయినా ఫరవాలేదు.

తర్వాత పడుకోబెట్టి చూడాలి. గట్టి పరుపు మీద, తల కింద పల్చటి దిండుతో, వెల్లకిలా ఓ పది నిమిషాలు. ఒరుగుడు పూర్తిగానో చాలావరకో సర్దుకుందా? అయితే అది పిసా. ఎముకలు ఇంకా స్వేచ్ఛగా ఉన్నాయి, తేడా అంతా మెదడు ఆదేశాల్లోనూ కండరాల్లోనూ ఉంది. పడుకున్నా వంకర అలాగే ఉందా? అయితే స్కోలియోసిస్ లాంటి స్థిరపడిన మార్పు ఉండొచ్చు. నిలబెట్టి ఎక్స్‌రే తీసి కాబ్ కోణం, అంటే వెన్ను పక్కవంపు కోణం, కొలవాలి, అది 10 డిగ్రీలు దాటి పూసల మెలి కనిపిస్తే స్కోలియోసిస్ అంటాం. నేను ఈ పరీక్షను ఇంతగా పట్టుకుని చెప్పడానికి కారణం, చికిత్స దారి ఇక్కడే చీలుతుంది. కొందరిలో రెండూ కలిసి ఉంటాయి. ఏళ్ళ తరబడి వదిలేసిన పిసా స్థిరపడిపోయే ప్రమాదమూ ఉంది.

ఎందుకు వస్తుంది అన్నదానికి ఒకే జవాబు లేదు. కదలికల్ని నడిపే బేసల్ గాంగ్లియా అనే భాగాలు మెదడులో రెండు పక్కలా ఉంటాయి. పార్కిన్సన్స్ సాధారణంగా ఒక పక్క ముందు మొదలవుతుంది కాబట్టి ఆ రెండింటి మధ్య తూకం చెడుతుంది. ఎలుకల్లో ఒక పక్కనే డోపమీన్ కణాలను దెబ్బతీస్తే వాటి ఒళ్ళు దెబ్బతిన్న వైపుకే ఒరుగుతుంది, ఇది ప్రయోగశాలల్లో ఎప్పటినుంచో తెలిసిన విషయం. మనుషుల్లో మాత్రం అంత తేలిగ్గా లెక్క కుదరదు. వణుకు ఎక్కువున్న వైపుకు ఒరిగేవాళ్ళూ ఉన్నారు, ఎదురువైపుకు ఒరిగేవాళ్ళూ ఉన్నారు. రెండో కారణం నేను మొదట చెప్పిన నిలువు కొలత. కన్ను, లోపలి చెవి, పాదాల నుంచి వెన్ను నుంచి వచ్చే స్పర్శ, ఇవన్నీ కలిపి మెదడు నిలువును లెక్కకడుతుంది, ఆ లెక్క తప్పుతుంది. మూడోది కండరాలు. సూదితో కండరాల విద్యుత్తును పరీక్షిస్తే కొందరిలో ఒరిగిన వైపు వెన్ను కండరాలు ఆగకుండా లాగుతూ కనిపిస్తాయి. ఇంకొందరిలో ఎదురువైపువి ఎక్కువ పనిచేస్తూ ఉంటాయి, పడిపోతున్న ఒంటిని ఆపే ప్రయత్నంగా. ఈ రెండు రకాలనూ బయటి నుంచి చూసి వేరుచేయలేం. కండరాన్ని వదులు చేసే బొటాక్స్ ఇంజెక్షన్ దగ్గర ఇది చాలా ముఖ్యమవుతుంది.

ఆ కండరాల సంగతే ఇంకొంచెం చెప్పాలి. తొలి దశలో ఎంఆర్ఐ తీస్తే వెన్ను కండరాల్లో కొందరికి వాపు కనిపిస్తుంది. కాలం గడిచేకొద్దీ కండరం సన్నబడి దాని చోటును కొవ్వు ఆక్రమిస్తుంది. కొవ్వుగా మారిన కండరాన్ని వ్యాయామంతో తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం. మొదటి నెలలు అని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇప్పుడు మందులు. ఈ ప్రసంగంలో ఒక్క భాగమే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోండి.

ఒరుగుడు రోజుల్లో, వారాల్లో వచ్చిందంటే, ముందుగా చూడవలసింది ఎక్స్‌రే కాదు, మందుల చీటీ. అంతకుముందు మూడు నెలల్లో ఏ మందు కొత్తగా మొదలైంది, ఏది పెరిగింది, ఏది తగ్గింది, ఏది ఆగింది? తేదీలతో ఒక కాగితం మీద రాయండి. పక్కనే ఒరుగుడు మొదట కనిపించిన తేదీ. పాత ఫోటోలు, పెళ్ళి వీడియోలు వెతికితే ఆ తేదీ దొరుకుతుంది.

అనుమానించాల్సినవి: ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి డోపమీన్ అగోనిస్టులు. రసాజిలిన్. అమాంటాడిన్. కొందరిలో లెవోడోపా మోతాదు మారినప్పుడు కూడా. జ్ఞాపకశక్తి కోసం ఇచ్చే డొనెపెజిల్, రివాస్టిగ్మిన్, గాలంటమిన్. మనసు కుదుటపడటానికి, భ్రమలు తగ్గడానికి ఇచ్చే యాంటీసైకోటిక్ మందులు. కొన్ని డిప్రెషన్ మందులు, లిథియం, వాల్‌ప్రోయేట్. వింతేమిటంటే డోపమీన్‌ను పెంచేవీ ఈ జాబితాలో ఉన్నాయి, దాన్ని అడ్డుకునేవీ ఉన్నాయి. పెరగడమో తగ్గడమో కాదు, రెండు పక్కల మధ్య తూకం కదలడమే ఇక్కడ కారణమై ఉంటుంది.

వీటితోపాటు న్యూరాలజిస్టుకు తెలియకుండా ఇంట్లోకి వచ్చే మందులున్నాయి. వాంతికి మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజైన్. గ్యాస్ మాత్రల్లో కలిసి వచ్చే లెవోసల్పిరైడ్. తల తిరుగుడికి సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్. ఇవి మెదడులో డోపమీన్‌ను అడ్డుకుంటాయి. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళు వాడకూడనివే వీటిలో ఎక్కువ. “కడుపు మంటకు చిన్న మాత్ర” అని ఎవరూ చీటీలో రాయరు, డాక్టరుకు చెప్పరు. అందుకే వచ్చేటప్పుడు చీటీ కాదు, మందుల డబ్బా మొత్తం తీసుకురండి, ఖాళీ స్ట్రిప్పులతో సహా.

కారణమైన మందు దొరికి, దాన్ని తగ్గించినా మార్చినా, కొత్తగా వచ్చిన ఒరుగుడు చాలామందిలో రోజుల నుంచి వారాల్లో తగ్గుతుంది. కానీ ఆ పని మీరు సొంతంగా చేయకూడదు. లెవోడోపా ఒక్కసారిగా ఆపితే ఒళ్ళు కట్టెలా బిగిసి, తీవ్రమైన జ్వరం వచ్చి, ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి తలెత్తొచ్చు. అగోనిస్టులు హఠాత్తుగా ఆపితే ఆందోళన, చెమటలు, తీవ్రమైన దిగులు పట్టుకుంటాయి. ఒకేసారి రెండు మందులు మార్చకూడదు. మారిస్తే ఏది చేసిందో తెలియదు, మేలైనా కీడైనా.

రోజులో కొన్ని గంటలే ఒరిగి, మందు పనిచేస్తున్నప్పుడు నిటారయ్యేవాళ్ళు కొద్దిమంది ఉంటారు. వాళ్ళకు మందు వేళలు సర్దితే ఉపయోగం ఉంటుంది. రెండు రోజులు గంట గంటకూ రాసి తీసుకురండి. మిగిలినవాళ్ళలో లెవోడోపా పెంచినంత మాత్రాన ఒరుగుడు తగ్గదు. ఆశపడి పెంచుకుంటూ పోతే అదుపు లేని కదలికలు, భ్రమలు మిగులుతాయి.

ప్రతి ఒరుగుడూ పార్కిన్సన్స్‌దే అనుకోకూడదు. నడుములో హఠాత్తుగా కత్తి దిగినట్టు నొప్పి వచ్చి ఒరిగితే గుల్లబారిన పూస విరిగి ఉండొచ్చు. కాలు కొత్తగా చచ్చుపడినా, మర్మాంగాల చుట్టూ స్పర్శ పోయినా, మూత్రం ఆగిపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ఒక్కరోజులో ఒరిగి, మాటా చెయ్యీ కూడా తేడా వస్తే పక్షవాతం కావచ్చు, గంటలు లెక్క. తుంటి కీలు అరగడం, కాళ్ళ పొడవులో తేడా, నరాలు నొక్కుకుపోవడం, థైరాయిడ్ లోపం, కండరాల జబ్బులు, ఇవన్నీ డాక్టరు చూసుకునేవి. రక్తపరీక్షలో సీకే (కండరాలు దెబ్బతింటే పెరిగేది), థైరాయిడ్, విటమిన్ డి, ఎముకల సాంద్రతకు డెక్సా స్కాన్ అడిగితే ఎందుకని విసుక్కోకండి. మెడ బాగా వాలిపోవడం తొలి ఏళ్ళలోనే వస్తే అది పార్కిన్సన్స్ కాక దాన్ని పోలిన మల్టిపుల్ సిస్టం అట్రోఫీ ఏమోనని కూడా ఆలోచిస్తారు.

ఇక వ్యాయామం. మందు వేసుకున్న ముప్పావు గంట, గంట తర్వాత ఒళ్ళు తేలిగ్గా ఉన్నప్పుడు చేయాలి. బిగుసుకుపోయి ఉన్నప్పుడు చేస్తే నొప్పి తప్ప ఏమీ రాదు. నేను కుడివైపుకు ఒరిగిన మనిషికి చెప్తున్నాను. ఎడమవైపు ఒరిగితే అన్నీ తారుమారు చేసుకోండి. ఇక్కడే చాలామంది పొరపడతారు, కాబట్టి ఫిజియోథెరపిస్టు ఒకసారి చేయించి, ఏ పక్క ఏమిటో కాగితం మీద రాసి ఇవ్వాలి.

కుడికి ఒరిగితే కుడి పక్క పొట్టిగా ముడుచుకుంది, ఎడమ పక్క సాగింది. మనం సాగదీయాల్సింది కుడి. ఎడమ పక్కకు తిరిగి పడుకోబెట్టి, ఎడమ నడుము కింద ఒక టవల్ చుట్ట పెట్టండి. చుట్ట మరీ లావుగా వద్దు, మణికట్టు అంత మందం చాలు. మధ్యలో చుట్ట ఎత్తిపెడుతుంది, భుజమూ తుంటీ కిందికి వాలతాయి, పైనున్న కుడి పక్క విచ్చుకుంటుంది. కుడి చెయ్యి తలమీదుగా చాచగలిగితే ఇంకా విచ్చుకుంటుంది, భుజం నొప్పి ఉంటే ముందుకే పెట్టుకోవచ్చు. 20 నుంచి 30 సెకన్లు, మూడు నాలుగు సార్లు. ఆ సమయంలో కుడి పక్కటెముకలు పైకి లేచేలా నెమ్మదిగా గాలి పీల్చమనండి. ఒక చెయ్యి అక్కడ వేసి ఉంచితే ఆయనకు ఎక్కడికి పీల్చాలో తెలుస్తుంది. ఎముకలు గుల్లబారినవాళ్ళకు ముందు చుట్ట లేకుండా మొదలుపెట్టండి.

కూర్చుని చేసేది: చేతులు లేని కుర్చీ, రెండు పాదాలూ నేలమీద, పక్కన ఒక మనిషి. కుడి చెయ్యి పైకెత్తి, ఎడమవైపు పై అల్మారాలో డబ్బా అందుకుంటున్నట్టు చాచాలి. పిరుదులు రెండూ కుర్చీ మీదే ఉండాలి, కుడి పిరుదు లేస్తే సాగాల్సిన చోట సాగదు. ఐదు సెకన్లు ఆపి, ఎనిమిది పది సార్లు. వెల్లకిలా మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తేది పది సార్లు, వెన్ను, పిరుదుల బలానికి.

నా దృష్టిలో వీటన్నిటికంటే విలువైనది గోడ దగ్గర చేసేది. గోడకు వీపు ఆన్చి, మడమలు గోడకు 5 నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో పెట్టి నిలబడాలి. ఎదురుగా నిలువుటద్దం, అద్దం మీద నిలువుగా ఒక రంగు టేపు. ముందు కుర్చీ వీపు పట్టుకోవడానికి. ముక్కు, చొక్కా గుండీలు, టేపు ఒకే గీతలోకి తెచ్చుకోవాలి, రెండు భుజం పలకలూ గోడకు ఒకేలా తగలాలి. ఇప్పుడు కళ్ళు మూసుకుని ఐదు అంకెలు లెక్కపెట్టి తెరవాలి. ఎటు జారారో అద్దమే చెప్తుంది. సర్దుకుని మళ్ళీ మూయాలి. ఇలా పది సార్లు. మొదటి వారం ప్రతిసారీ జారుతారు. నెమ్మదిగా, జారడం మొదలైనప్పుడే గోడమీద భుజం ఒత్తిడి మారుతున్నట్టు తెలుస్తుంది. నిలువు అంటే ఏమిటో మెదడుకు మళ్ళీ నేర్పడం ఇది. “సరిగ్గా నిలబడు” అన్న మాటకు బదులుగా మనం ఇవ్వగలిగింది ఇదే. కళ్ళు మూసే ప్రతిసారీ పక్కన ఎవరైనా ఉండి తీరాలి.

వారానికి ఐదు రోజులు, రోజుకు సుమారు గంట, నాలుగు వారాలు ఫిజియోథెరపిస్టు దగ్గర చేసి, ఆ తర్వాత ఇంట్లో రోజూ అరగంట. మానేస్తే వచ్చిన మేలు నెలల్లో కరిగిపోతుంది. ఒంటికి అంటించే రంగురంగుల టేపుల గురించి అడుగుతారు. వ్యాయామానికి అదనంగా అవి పెద్దగా కలిపినట్టు అధ్యయనాల్లో కనిపించలేదు. డబ్బూ ఓపికా వ్యాయామం మీదే పెట్టండి.

కుర్చీ సంగతి. ఒరిగిన పక్క ఒక్క దిండు కుక్కడం అందరూ చేసేదే. ఆయన ఆ దిండు మీదికి ఇంకా వాలిపోతారు, సాయంత్రానికి దిండు నలిగి పాత స్థితే. మూడు చోట్ల ఆసరా కావాలి. ఒరిగిన పక్క పక్కటెముకల పైభాగంలో ఒకటి, అదే పక్క తుంటి దగ్గర ఒకటి, ఎదురుపక్క నడుము దగ్గర ఒకటి. పై ఆసరా చంకలోకి గుచ్చుకోకూడదు, అక్కడ నరాలున్నాయి. చేతికర్ర కొలత కూడా ఒరిగినప్పుడు తీయకూడదు. ఒరిగి ఉన్నప్పుడు మణికట్టు ఎత్తుకు కోస్తే కర్ర పొట్టిదవుతుంది, పొట్టి కర్ర మనిషిని ఇంకా ఒరగదీస్తుంది. చేయి పట్టి నిటారుగా నిలబెట్టి, రోజూ వేసుకునే చెప్పులతో, మణికట్టు ముడత ఎత్తుకు కొలవాలి. అన్నం తినేటప్పుడు, మాత్రలు మింగేటప్పుడు తప్పనిసరిగా ఆసరాలతో నిటారుగా. ఒరిగిన పక్క ఊపిరితిత్తి నొక్కుకుపోతుంది, మింగడమూ కష్టమవుతుంది.

బొటాక్స్ ఇంజెక్షన్ కొందరికి మంచి మేలు చేస్తుంది, ముఖ్యంగా లాగే కండరం ఏదో తేలినప్పుడు. దాన్ని కళ్ళతో చూసి తేల్చలేమని చెప్పాను కదా. కండరాల విద్యుత్ పరీక్షతో గానీ అల్ట్రాసౌండ్‌తో గానీ చూసి వేయాలి. ఆపుతున్న కండరానికి వేస్తే ఆ కాస్త ఆసరా పోయి మనిషి ఇంకా ఒరుగుతాడు. పని మొదలవడానికి కొన్ని రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది, మూడు నెలలకు తగ్గిపోతుంది. ఆ మూడు నెలలూ వ్యాయామం చేసుకోవడానికి దొరికిన అవకాశం. ఇంజెక్షన్ వేయించుకుని ఊరికే కూర్చుంటే వృథా. మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టే డీబీఎస్ ఆపరేషన్ వల్ల కొందరి వంపు తగ్గింది, కొందరిది తగ్గలేదు. కొత్తది, పడుకుంటే పోయేది అయితే ఆశ ఎక్కువ. ఒరుగుడు ఒక్కదాని కోసమే దాన్ని చేయించుకోమని నేను చెప్పను. వెన్నుకు స్క్రూలు, రాడ్లు వేసే ఆపరేషన్ చివరి మాట. గుల్లబారిన ఎముకలో స్క్రూలు వదులవుతాయి, మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు పడతాయి. నరాలు నొక్కుకుపోయినప్పుడు తప్పకపోవచ్చు, తేలిగ్గా తీసుకునే నిర్ణయం మాత్రం కాదు.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

ప్రశ్న: డాక్టరు గారూ, మా మామగారికి నడుం బెల్టు కొన్నాం. పగలంతా వేసి ఉంచొచ్చా?

పగలంతా వద్దమ్మా. బిగుతు బెల్టు ఛాతీని, పొట్టను నొక్కుతుంది, చర్మం ఒరుసుకుంటుంది, వెన్ను కండరాలు పని మర్చిపోతాయి. నడిచేటప్పుడు, వంటింట్లో నిలబడి ఏదైనా చేసుకునేటప్పుడు గంట, రెండు గంటలు వేయండి. తీసిన ప్రతిసారీ చర్మం చూడండి. బెల్టుతో నడక బాగుపడకపోతే దాన్ని పక్కన పెట్టేయండి, కొన్నాం కదా అని వాడకండి.

ప్రశ్న: మా అమ్మకు మతిమరుపు మాత్ర మొదలుపెట్టిన నెలకు ఎడమపక్కకు ఒరగడం మొదలైంది. ఆ మాత్ర వల్ల అమ్మ మమ్మల్ని బాగా గుర్తుపడుతోంది కూడా. ఏం చేయమంటారు?

మీరు ఆ తేదీ గమనించారు, అదే సగం పని. ఇవాళే ఫోటో తీసి, రెండు తేదీలూ రాసి, మందు రాసిన డాక్టరుకు ఈ వారంలోనే చూపించండి. మోతాదు తగ్గించి చూడొచ్చు, అదే కోవలో ఇంకో మందుకు మార్చొచ్చు, కొద్దిగా ఒరుగుడు ఉన్నా జ్ఞాపకం ముఖ్యమని కొనసాగించనూవచ్చు. ఆ తూకం అమ్మను రోజూ చూసే మీరూ, డాక్టరూ కూర్చుని వేయాల్సింది. ఈలోగా పడిపోకుండా స్నానాల గదిలో పట్టుకునే కడ్డీ పెట్టించండి.

ప్రశ్న: ఫోటోలు ఎన్నాళ్ళకోసారి తీయాలండీ? రోజూ తీస్తే మా వారికి చిరాకు.

రోజూ అక్కర్లేదు. మామూలుగా నెలకోసారి. కొత్త మందు మొదలుపెట్టేముందు ఒకటి, రెండు వారాలకు ఒకటి, ఆరు వారాలకు ఒకటి. ఎప్పుడూ అదే తలుపు దగ్గర, రోజులో అదే వేళకు. ఫోటో కింద తేదీతోపాటు ఆ పూట మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో కూడా రాయండి, లేకపోతే రెండు ఫోటోల మధ్య తేడా జబ్బుదో, మాత్ర వేళదో మాకు తెలియదు. ఒక్కటి మాత్రం చేయండి. తీసిన ఫోటో ముందు ఆయనకే చూపించండి. తాను ఒరిగి ఉన్నానని చాలామంది మొదటిసారి నమ్మేది అప్పుడే, గోడ దగ్గర నిలబడటానికి ఒప్పుకునేది కూడా ఆ తర్వాతే.